నా కిన్నెరలో గాంధారం 11 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంది, జరపాలా?

సొరబుర్ర | జనవరి 18, రాత్రి 9:52

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదలు. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఒక ఊరు. మోటార్ల వైండింగ్ పని చేస్తా. పాట పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది, సంగీతం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పోయిన వానాకాలం పెరట్లో కాసిన సొరకాయల్లో మూడింటిని కోయకుండా తీగ మీదే వదిలేశా. తీగ ఎండిపోయాక కోసి, అటక మీద మూడు నెలలు ఆరబెట్టా. వాటితో ఒక కిన్నెర కట్టుకున్నా, దండికి బుర్రలు కట్టి మీటి వాయించే తీగ వాయిద్యం. దండి ముదురు వెదురు. మెట్లు కొబ్బరిచిప్ప ముక్కలు, తేనెమైనంతో అతికించా. పాట తీగ గిటార్ ఒకటో తీగ. శ్రుతి తీగ మాత్రం సైకిల్ బ్రేకు వైరులో నుంచి లాగిన పోగు. పై అంచు నుంచి గుర్రం (కింద తీగ ఆనే చెక్క) దాకా తీగ నిడివి సరిగ్గా 60 సెం.మీ.

నేను పాత పాటలు అచ్చంగా వాయించను. మా చేను గట్టున ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రాత్రి నీళ్లు పెట్టేటప్పుడు దాని పక్కన కూర్చుంటే ఒక్కటే స్వరం, ఆగకుండా. దానికే శ్రుతి తీగ బిగించి, దాని మీద నాట్లు వేసేవాళ్ల పాటల వరసలు మీటుతున్నా. కొన్ని రికార్డు చేసి ఇక్కడ పెట్టా.

రెండు బాధలు ఉన్నాయి. ఒకటి, మూడో మెట్టు నొక్కితే తీగ బుయ్యిమంటోంది. రెండు, మొన్న మా దోస్తు కీబోర్డుతో కలిపి వాయిస్తే రెండో మెట్టు అస్సలు కలవలేదు. ఆ ఒక్క మెట్టే, గాంధారం (సరిగమల్లో 'గ'). పాడుతూ చెవితో పెట్టుకున్న మెట్టు అది, అంచు నుంచి 11 సెం.మీ. దగ్గర ఉంది. జరపాలా, వద్దా?

తీగలమామ | జనవరి 18, రాత్రి 10:31

తమ్ముడూ, ముందు బుయ్యిమనే సంగతి చూద్దాం. విజయవాడలో పాతికేళ్లుగా గిటార్లు, మాండలిన్లు బాగుచేస్తున్నా. మూడో మెట్టు నొక్కినప్పుడు మోగుతోందంటే తప్పు సాధారణంగా మూడోదానిది కాదు, నాలుగోదానిది. అది పొడుగై ఉంటుంది, తీగ ఊగేటప్పుడు దాని తలకు తగులుతుంది.

చిన్న స్టీలు స్కేలు తీసుకుని మూడు, నాలుగు, ఐదు మెట్ల మీద ఒకేసారి ఆనించు. స్కేలు ఊయలలాగా ఊగితే నడిమిది ఎత్తుగా ఉన్నట్టే. దాని తల కొద్దిగా అరగదియ్యి. ఒక్కసారే ఎక్కువ తియ్యకు. నాలుగు రాపులు రాచి మళ్లీ స్కేలు పెట్టి చూడు.

సొరబుర్ర | జనవరి 19, ఉదయం 6:40

మామా, మీరు చెప్పినట్టే నాలుగోది ఎత్తు. స్కేలు టకటకా ఊగింది. గరుకు కాగితంతో పది రాపులు రాస్తే మోత పోయింది. వారం రోజుల నుంచి ఆ మూడోదాన్నే పీకి పీకి అతికిస్తున్నా.

శుద్ధస్వరం | జనవరి 19, ఉదయం 11:15

నేను వయొలిన్ నేర్పిస్తాను. మీ రికార్డింగు రెండుసార్లు విన్నాను. వాయింపులో ప్రాణం ఉంది, ఆ మాట ముందే చెబుతున్నా. రెండో మెట్టు మాత్రం తప్పు. 60 సెం.మీ. తీగకు శుద్ధంగా ఉండాల్సిన లెక్క ఇది: చతుశ్రుతి రిషభం 6.7, అంతర గాంధారం 12, శుద్ధ మధ్యమం 15, పంచమం 20, చతుశ్రుతి ధైవతం 24, కాకలి నిషాదం 28, పై షడ్జమం 30. దానికన్నా కాస్త తక్కువగా పలికే సాధారణ గాంధారం కావాలంటే 10 దగ్గర పెట్టాలి. మీరు 11 దగ్గర పెట్టారు, అంటే రెండింటికీ నడుమ. అది ఏ గాంధారమూ కాదు. ఒక సెంటీమీటరు కిందికి జరిపితే శంకరాభరణం చక్కగా పలుకుతుంది, కీబోర్డుతోనూ కలుస్తుంది.

సొరబుర్ర | జనవరి 19, మధ్యాహ్నం 1:20

నమస్తే మేడం. మీ అంకెలు చూసి పరుగున పోయి టేపు పెట్టి కొలిచా. నావి 6.7, 11, 15, 20, 24, 28, 30, ఆపైన 33.3 దగ్గర పై రిషభం. గాంధారం తప్ప అన్నీ మీ లెక్కలోనే ఉన్నాయి! ఏ లెక్కా తెలియకుండా చెవితో పెట్టుకున్న మెట్లు ఇలా కలిసేసరికి ఒళ్లు జలదరించింది.

అందుకే గాంధారం సంగతి ఇంకా అర్థం కావడం లేదు. మిగతా ఏడూ నా చెవి సరిగ్గా పెట్టి, ఆ ఒక్కటే తప్పు పెడుతుందా?

బొబ్బిలి_మేళం | జనవరి 19, సాయంత్రం 5:48

బాబూ, మంచి ప్రశ్న వేశావు. మా ఇంట్లో వీణలే జీవనాధారం. గొల్లపల్లిలో పనసమాను తొలిచి ఏకాండి వీణలు చేసేవాళ్ల మధ్య పెరిగినవాణ్ణి. 24 మెట్లు మైనంలో కూర్చోబెట్టడాన్ని మేళం కట్టడం అంటాం. కొలబద్ద ఉంటుంది, కానీ చివర్లో నమ్మేది చెవినే. మెట్టు మీద తీగను నొక్కగానే అది కాస్త బిగుసుకుని స్వరం పైకి పోతుంది. మెట్టు ఎత్తుగా ఉంటే ఇంకా పోతుంది. కాబట్టి కాగితం మీది 12కీ చేతిలోని 12కీ ఎప్పుడూ తేడా ఉంటుంది.

నీ మైనం గురించి ఒక మాట. ఉత్త తేనెమైనంతో పెట్టానన్నావు. చలికాలం కాబట్టి నిలబడింది. ఎండలు ముదిరితే జారిపోతుంది. మేం మైనంలో గుగ్గిలం కరిగించి, మసి కలుపుతాం. అప్పుడు గట్టిపడుతుంది. ఇప్పుడే మార్చుకో.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణ చేసే విధానం చెప్పాడు. చిన్నది, పెద్దది అని రకాలు, దండికి కట్టే కాయలు, మైనంతో అతికించే మెట్లు అన్నీ అందులో ఉన్నాయి. అదే శతాబ్దంలో మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ రాశాడు. నువ్వు అటక మీద ఎండబెట్టిన బుర్రలకు అంత పాత వంశం ఉంది.

కిన్నెర_మనవడు | జనవరి 19, రాత్రి 8:05

పుస్తకాల్లో వంశం చెప్పారు, సంతోషం. బతికి ఉన్న వంశం కూడా ఒకటి ఉంది, దాని పేరు ఎవరూ ఎత్తలేదు. నేను డక్కలి బిడ్డను. మాది పాలమూరు. మా తాత కిన్నెర భుజాన వేసుకుని మాదిగ ఇళ్లకు పోయి జాంబ పురాణం చెప్పేవాడు. పెద్దల్ని దోచి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ చెబితే తెల్లవార్లూ జనం లేచేవాళ్లు కాదు. మా ఇంట్లో ఇప్పుడు కిన్నెర లేదు. తాత పోయాక చూరుకు వేలాడదీశాం. చెదలు తినేసింది.

సొరబుర్ర అన్నా, నీ మీద కోపం లేదు. వాయించు. కానీ మొదటి పోస్టులో సొరకాయ, వెదురు, బ్రేకు వైరు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నింటి పేర్లూ రాశావు. ఎవరి చేతుల మీదుగా ఈ వాయిద్యం నీ దాకా వచ్చిందో రాయలేదు. రేపు నీ రికార్డింగు పదిమంది వింటారు, "ప్రయోగం" అంటారు. మా తాత వాయిస్తే "అడుక్కునేవాడు" అన్నారు.

సొరబుర్ర | జనవరి 19, రాత్రి 11:37

తమ్మీ, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇప్పుడు రాస్తున్నా.

నేను మొదటిసారి కిన్నెర విన్నది లింగాల సంతలో. దర్శనం మొగులయ్య గారిది అక్కడికి దగ్గరే, అవుసలికుంట. 12 మెట్ల కిన్నెర ఆయనది. అప్పటికి పద్మశ్రీ రాలేదు, సినిమా పాట రాలేదు. సంత సామాన్ల నడుమ నిలబడి వాయిస్తున్నారు. నేను ఏడో తరగతి. ఉల్లిగడ్డలు తెమ్మని పంపితే అవి మరిచిపోయి అక్కడే నిలబడ్డా. ఆయన ఒక మెట్టు మీద వేలు పెట్టి తీగను కొంచెం పక్కకు లాగి వదిలేవారు, మనిషి గొంతు గుటక వేసినట్టు ఉండేది. ఆ గుటక కోసమే ఇన్నేళ్ల తర్వాత సొర విత్తనం పెట్టా.

ఇది డక్కలి వాళ్ల చేతుల్లో బతికిన వాయిద్యం. నా రికార్డింగుల కింద ఈ మాట ఇవాళే రాసి పెట్టా. వెళ్లి చూడు, సరిగ్గా లేకపోతే చెప్పు.

కిన్నెర_మనవడు | జనవరి 20, ఉదయం 7:12

చూశాను అన్నా. సరిగ్గా ఉంది.

మా పెద్దవాళ్లు మెట్లకు అలుగు (ఒళ్లంతా పొలుసులుండే, చీమలు తినే అడవి జంతువు) చిప్పలు వాడేవాళ్లు. ఇప్పుడు అలుగును ముట్టుకోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జంతువు. ముట్టుకోకపోవడమే న్యాయం కూడా. నీ కొబ్బరిచిప్ప మంచి ఆలోచన.

పెరటి_లక్ష్మి | జనవరి 20, ఉదయం 10:26

వాయిద్యాల సంగతి నాకు తెలియదు గానీ సొర సంగతి తెలుసు. బుర్ర కోసం పెంచేవాళ్లు గమనించండి. కూర రకం పొడుగు సొర పలచటి తోలుతో ఉంటుంది, ఎండితే పగులుతుంది. గుండ్రంగా బిందెలా కాసే నాటు రకం పెట్టండి. చేదు సొర అయితే ఇంకా మందం. కాయ ముదిరేటప్పుడు నేలకు తగలనివ్వకూడదు, అడుగున మెత్తబడుతుంది. కింద గడ్డి వేయండి, లేదా పందిరి ఎక్కించండి.

ఎండేటప్పుడు పైన బూజు కడుతుంది. భయపడి పారేయొద్దు. లోపలి తడి బయటికి పోతోందన్నమాట. తడిగుడ్డతో తుడిచి, గాలి తగిలే నీడలో పెట్టండి, ఎండలో వద్దు. చేతిలోకి తీసుకుని ఊపితే గింజలు గలగలమనాలి. అప్పటిదాకా కత్తి పెట్టకండి. లోపలి దూది, గింజలు గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ ధూళి గొంతు పట్టేస్తుంది.

జముకు_చిన్నోడు | జనవరి 20, మధ్యాహ్నం 2:44

మా శ్రీకాకుళంలో సొరకాయను ఆనపకాయ అంటాం అక్కా. నాటు ఆనప విత్తనాలు కావాల్సినవాళ్లు అడగండి, పంపుతాను.

ఈ గాంధారం గొడవ చూస్తుంటే మా జముకు గుర్తొస్తోంది. దానికి మెట్లే ఉండవు. డోలు లాంటి గుల్ల, ఒకవైపు తోలు, తోలు నడిమి నుంచి ఒకే నరం తీగ. గుల్ల చంకలో బిగించి, తీగ కొసను ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటడమే. లాగితే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. కథ చెప్పే మనిషి ఏడుపు దగ్గరికి వచ్చేసరికి చేయి దానంతట అదే కొంచెం సడలుతుంది. అప్పుడు వచ్చే స్వరం ఏ పట్టికలో ఉంటుంది? తెలంగాణలో బైండ్ల వాళ్ల జమిడికదీ ఇదే దారి కదా. నన్నడిగితే 11 దగ్గరే ఉంచెయ్యి అన్నా.

శుద్ధస్వరం | జనవరి 20, సాయంత్రం 4:30

జముకుకు మెట్లు లేవు కాబట్టి ప్రతిసారీ స్వరం వెతుక్కునే వీలుంది. కిన్నెరకు మెట్టు పెట్టాక అది అక్కడే ఉంటుంది. అందుకే మెట్టు ఎక్కడ పెడుతున్నామన్నది తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. నాకు జానపదం అంటే చులకన లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు "ఎలా వాయించినా జానపదమే" అనే అలవాటు రాకూడదని నా ఆరాటం, అంతే. సొరబుర్ర గారూ, ఒక పని చేస్తారా? మీ ఊళ్లో ఆ నాట్ల పాటలు పాడేవాళ్లలో ఒకరి గొంతు ఒక్కటే, వాయిద్యం లేకుండా రికార్డు చేసి పెట్టండి. వింటాను.

డెల్టా_రవి | జనవరి 20, రాత్రి 10:02

అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో ఉంటున్నాను. మా ఊరు కావలి. ఇక్కడికి వచ్చిన కొత్తలో క్లార్క్స్‌డేల్‌లోని బ్లూస్ (ఇక్కడి నల్లజాతి వాళ్ల సంగీతం) మ్యూజియం చూడ్డానికి పోతే అక్కడ డిడ్లీ బో అనే వాయిద్యం గురించి తెలిసింది. చెబితే నమ్మరు, చీపురు కట్టకు చుట్టే ఇనుప తీగను విప్పి, చెక్క ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి బిగిస్తారు. తీగ కింద ఒక సీసా దూర్చితే అదే గుర్రం. ఇంకో సీసానో చాకునో తీగ మీద జారుస్తూ మీటడమే. ఇల్లంతా బుర్రలా మోగుతుంది. పత్తిచేలల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాల పిల్లలు గిటార్ కొనలేక ఇలా మొదలుపెట్టేవాళ్లు. లానీ పిచ్‌ఫర్డ్ అనే ఆయన 1998లో చనిపోయే వరకు ఈ ఒంటి తీగను వేదికల మీద వాయించాడు.

అసలు సంగతి ఏంటంటే, బ్లూస్ పాటకు ప్రాణం పోసే గాంధారం కూడా సరిగ్గా మీరు గొడవ పడుతున్న చోటే ఉంటుంది. సాధారణానికీ అంతరానికీ నడుమ. పియానో మీద అది దొరకదు. అందుకే పియానో వాళ్లు రెండు మీటలూ ఒకేసారి నొక్కి ఆ రుచి తెప్పించాలని చూస్తారు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. హ్యారీ పార్చ్, 1901లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పియానోలో స్థాయికి 12 స్వరాలే ఉండటం తనకు చాలదని, 43 స్వరాల స్థాయి కట్టుకున్నాడు. దానికి తగిన వాయిద్యాలు బజారులో దొరకవు కాబట్టి అన్నీ చేత్తో చేసుకున్నాడు. మొదట ఒక వయోలాకు పొడుగాటి చెలో మెడ తగిలించాడు. ఆయన 43లో 11/9 అనే నిష్పత్తి ఒకటి ఉంది. 60 సెం.మీ. తీగను 11 భాగాలు చేసి 9 భాగాలు మోగనిస్తే మెట్టు ఎక్కడ పడుతుందో లెక్క వేశా. అంచు నుంచి 10.9 సెం.మీ.

సొరబుర్ర బ్రదర్, నీ 11కీ ఆయన లెక్కకీ ఒక్క మిల్లీమీటరు తేడా.

సొరబుర్ర | జనవరి 21, ఉదయం 5:55

అన్నా, రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు. లేచి లైటు వేసి మళ్లీ కొలిచా. మా ఆవిడ ఏమైందని లేచి కూర్చుంది. అప్పటికప్పుడు ఆ మెట్టు వాయించి వినిపించా. "మా అమ్మ పాడే తీరుగనే ఉంది కదా, ఇంకేం కొలుస్తవు" అంది.

మేడం, మీరు అడిగిన గొంతు మా అత్తమ్మదే. ఆదివారం రికార్డు చేసి పెడతా.

తీగలమామ | జనవరి 21, ఉదయం 9:18

రవి గారి లెక్క బాగుంది గానీ, బొబ్బిలి ఆయన చెప్పిన మాట మరవొద్దు. నొక్కితే స్వరం కొంచెం లేస్తుంది. కాబట్టి స్కేలు మీద 11 దగ్గర ఉన్నది చెవికి 11 కన్నా కాస్త పైన వినిపిస్తుంది. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి ఖాళీ తీగకూ రెండో మెట్టుకూ నడుమ ఎన్ని సెంట్లో చూడు (స్వరాల దూరానికి కొలత, కీబోర్డు మీద పక్కపక్క మీటల నడుమ 100). సాధారణ గాంధారం 316, అంతర గాంధారం 386. నీది ఎంత వస్తుందో ఆసక్తిగా ఉంది.

సొరబుర్ర | జనవరి 21, రాత్రి 9:30

మామా, మూడుసార్లు చూశా. 354, 357, 355.

బొబ్బిలి_మేళం | జనవరి 22, ఉదయం 8:10

ట్రాన్స్‌ఫార్మర్‌కు శ్రుతి చేశానన్నావు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ నచ్చింది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మర్ రేకులు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు అదురుతాయి, అంటే నీకు వినిపించేది సెకనుకు 100. దాన్ని మంద్ర పంచమంగా (షడ్జమం కింది 'ప') పెట్టుకుని ఉంటే నీ షడ్జమం 133 దగ్గర ఉంటుంది. ఒకటో శ్రుతి 131. మగ గొంతుకు హాయిగా అందే శ్రుతి, కాస్త పైన, అంతే.

సొరబుర్ర | జనవరి 22, మధ్యాహ్నం 12:48

వైండింగ్ పనిలో ఆ 100 మోతతోనే బతుకుతా సార్. చెడిపోయిన మోటారు ముందు చెవి పెడితే ఏ చుట్టు కాలిందో సగం తెలిసిపోతుంది. ఆ మోత నాకు చప్పుడులా ఎప్పుడూ అనిపించలేదు. తంబుర అని తెలియక ముందు నుంచీ అది నాకు తంబురే.

శుద్ధస్వరం | జనవరి 27, రాత్రి 8:55

ఆదివారం పెట్టిన రికార్డింగు విన్నాను. మీ అత్తగారి గొంతు వినగానే కళ్లు చెమ్మగిల్లాయి. వయొలిన్ తీసి ఆవిడ స్వరాలు వెతుక్కుంటూ గంటసేపు కూర్చున్నాను. రిషభం, పంచమం స్థిరంగా ఉన్నాయి. గాంధారం ఆరుసార్లు వచ్చింది. నాలుగుసార్లు మీ మెట్టు దగ్గరే. పల్లవి చివర్లో మాత్రం రెండుసార్లు కిందికి దిగి సాధారణానికి దగ్గరైంది. ఆవిడకు ఆ స్వరం మీద పట్టు ఉంది, తడబాటు ఎక్కడా లేదు.

ఇంతకు ముందు "ఏ గాంధారమూ కాదు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఆవిడ గాంధారం. మెట్టు జరపొద్దు. అయితే పల్లవి చివర ఆ దిగుడు కావాలంటే ఏం చేస్తారు? మెట్టు మీద తీగ లాగితే స్వరం పైకి పోతుంది గానీ కిందికి రాదు కదా.

కిన్నెర_మనవడు | జనవరి 27, రాత్రి 10:20

మేడం, మా తాత అందుకోసం రిషభం మెట్టు మీద నుంచి లాగేవాడు. కింది మెట్టు నొక్కి, తీగను పక్కకు గుంజి, కావలసిన చోటికి తెచ్చి ఆపేవాడు. సొరబుర్ర అన్న లింగాల సంతలో విన్న గుటక అదే అయి ఉంటుంది.

సొరబుర్ర | జనవరి 28, ఉదయం 6:15

వచ్చింది! రిషభం మీద నుంచి లాగితే వచ్చింది! వేలు కోసుకుపోయింది, పర్వాలేదు.

పెరటి_లక్ష్మి | ఫిబ్రవరి 2, ఉదయం 11:00

వేలికి పసుపు, కొబ్బరినూనె రాయి నాయనా. రెండు రోజులు ఆగి వాయించు.

కిన్నెర_మనవడు | ఫిబ్రవరి 16, రాత్రి 9:41

ఒక విషయం ఇక్కడ పెడుతున్నా, కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లు చదవాలి. మా చిన్నాయనకు కొద్దిగా కిన్నెర వచ్చు. గత నెల ఒక కాలేజీ వాళ్లు జానపద ఉత్సవమని పిలిచారు. అరువు కిన్నెర తీసుకుని పోయాడు. పొద్దున పదింటికి రమ్మని, సాయంత్రం ఐదింటికి ఏడు నిమిషాలు ఇచ్చారు. శాలువా కప్పి ఫొటో తీశారు. బస్సు చార్జీ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. ఇప్పటికీ చూడలేదు.

మొగులయ్య గారంతటి వారు పద్మశ్రీ వచ్చిన రెండేళ్లకు కూలి పనికి పోతున్న ఫొటో 2024లో పత్రికల్లో చూశాం. పేరు లేని మా చిన్నాయన లాంటి వాళ్ల గతి ఏం చెప్పాలి. ఎవరైనా కిన్నెర కళాకారుణ్ణి పిలిస్తే, ముందు డబ్బు మాట తేల్చి, రానుపోను చార్జీ చేతిలో పెట్టి పిలవండి. శాలువా లేకపోయినా ఫర్వాలేదు.

మోడరేటర్ | ఫిబ్రవరి 17, ఉదయం 9:00

కిన్నెర_మనవడు గారి పోస్టును ఈ విభాగం పైభాగాన అతికించాం. కార్యక్రమాలకు కళాకారుల్ని వెతికేవాళ్లు ఇకపై పారితోషికం ఎంతో రాసే పోస్టు పెట్టాలి.

సొరబుర్ర | ఏప్రిల్ 14, రాత్రి 11:20

చాలా రోజులైంది. బొబ్బిలి సార్, ముందు మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మైనం మార్చమని జనవరిలోనే చెప్పారు. నేను మార్చలేదు.

సలేశ్వరం జాతర రోజులు కదా, అడవిలోకి పోయే జనం మా ఊరి దగ్గర ఆగి నీళ్లు తాగుతారు. అక్కడ చింతచెట్టు కింద వాయిద్దామని పోయా. పదిమంది, ఇరవైమంది, తర్వాత నలభైమంది దాకా కూర్చున్నారు. ఒంటిగంటకు నీడ జరిగిపోయింది, నేను గమనించలేదు. ఎండ దండి మీద పడింది. పాట నడుస్తుండగా వేలి కింద ఏదో మెత్తగా కదిలినట్టు అనిపించింది. చూస్తే రెండో మెట్టు పక్కకు ఒరిగింది. మైనం నెయ్యిలా కరిగి, ఆ కొబ్బరిచిప్ప ముక్క నా బొటనవేలికి అంటుకుని ఊడి వచ్చేసింది. తేనె వాసన గుప్పున కొట్టింది. ఆ వెంటనే ఐదోది కూడా జారింది.

చెమటలు పట్టాయి. లేచిపోదామనుకున్నా. అప్పుడు మా తమ్మి చెప్పిన తాత గుర్తొచ్చాడు. గాంధారం కావాల్సినప్పుడల్లా రిషభం మీద నుంచి లాగా. ధైవతానికి పంచమం మీద నుంచి లాగా. పాట మొత్తం అలాగే పూర్తి చేశా. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన అయిపోయాక దగ్గరికొచ్చి, ఊడిన మెట్టు ముక్కను నా చేతిలో నుంచి తీసుకుని చూసి, "ఇది లేకనే బాగ పలికింది" అన్నాడు.

బొబ్బిలి_మేళం | ఏప్రిల్ 15, ఉదయం 6:30

క్షమాపణ ఏమీ వద్దు. మైనం విషయంలో ప్రతివాడూ ఒక ఎండాకాలం నష్టపోయాకే నేర్చుకుంటాడు, నేనూ అంతే. ఇప్పుడు రాసుకో. తేనెమైనం మూడు పాళ్లు, గుగ్గిలం ఒక పాలు. గుగ్గిలాన్ని మెత్తగా దంచాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకు, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు. గుగ్గిలం కొద్దికొద్దిగా వేస్తూ కలుపు. చివర్లో దీపపు మసి. చల్లారాక గోటితో గీస్తే గీత పడాలి, గోరు దిగిపోకూడదు. దిగితే ఇంకొంచెం గుగ్గిలం. పెళుసుగా విరిగితే మైనం పెంచు.

డెల్టా_రవి | ఏప్రిల్ 15, ఉదయం 8:47

మెట్లన్నీ పీకి మళ్లీ పెడుతున్నావా? అయితే ఒక్క విన్నపం. గాంధారం పెట్టేటప్పుడు స్కేలు ముందు తీయకు. పాడుతూ పెట్టి, గట్టిపడ్డాకే కొలువు.

సొరబుర్ర | ఏప్రిల్ 19, రాత్రి 9:05

రవి అన్నా, అలాగే చేశా. స్కేలు పక్కింట్లో ఇచ్చి వచ్చా. అత్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకున్నా. ఆవిడ పాడుతుంటే, మెత్తటి మైనంలో ముక్కను అటు ఇటు జరుపుతూ పోయా. ఒకచోట ఆవిడ పాడటం ఆపి "ఆఁ" అంది. అక్కడే వదిలేశా. రాత్రంతా గట్టిపడనిచ్చి, పొద్దున స్కేలు తెచ్చి కొలిచా.

10.9.

శుద్ధస్వరం | ఏప్రిల్ 19, రాత్రి 9:22

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. మే నెల సెలవుల్లో మా పిల్లల్ని నలుగురిని తీసుకుని రావచ్చా? ఆవిడ పాడితే వాళ్లు వయొలిన్ మీద వెతుక్కోవాలి. మీకూ ఆవిడకూ ఫీజు ఎంతో ముందే చెప్పండి.

సొరబుర్ర | ఏప్రిల్ 19, రాత్రి 9:40

రండి మేడం, మా ఇల్లే మీ ఇల్లు. ఫీజు గురించి అత్తమ్మను అడిగితే నవ్వుతోంది. నేను తర్వాత ఒప్పిస్తా.

కిన్నెర_మనవడు తమ్మీ, అటక మీద ఇంకో మూడు బుర్రలు ఎండి ఉన్నాయి. ఇవాళ ఊపి చూశా, గింజలు గలగలమంటున్నాయి. వెదురు కూడా ఉంది. ఈ ఆదివారం మీ చిన్నాయనను వెంటబెట్టుకుని రా. ఆయన ఎన్ని మెట్లంటే అన్ని పెడదాం.

కిన్నెర_మనవడు | ఏప్రిల్ 19, రాత్రి 10:03

చిన్నాయనకు ఇప్పుడే ఫోన్ చేశాను అన్నా. బుర్రలు ఎంత మందం ఉన్నాయని అడుగుతున్నాడు. ఆదివారం మొదటి బస్సుకు వస్తాం.